కొత్త రచ్చబండ – పాత వెలి

తెలుగు పల్లెకు రచ్చబండ ప్రాణం వంటిది. ఊరి నడుమ రావిచెట్టు నీడలో ఉండే ఆ రాతి అరుగు మీద వానల రాకడ, పంటల ధరలు, పొలం గట్ల తగవులు, పెళ్ళి సంబంధాలు అన్నీ మాటలోకి వచ్చేవి. అయితే అక్కడ చోటు అందరికీ సమానంగా దక్కలేదు. స్త్రీల మాటకు అక్కడ విలువ లేదు. అంటరానివారన్న ముద్ర పడినవారికి దూరాన నిలబడి వినడమే మిగిలింది. చోటు దక్కినవారు సైతం పెద్దల మాటను కాదంటే కఠిన శిక్షకు గురయ్యేవారు. ఆ శిక్ష పేరే వెలి. వెలిబడిన ఇంటికి నిప్పు అందదు, నీరు అందదు. చాకలి రాడు, మంగలి రాడు, పురోహితుడు గడప తొక్కడు. దెబ్బ కొట్టకుండా, రక్తం చిందించకుండా మనిషిని కుంగదీసే ఆయుధం వెలి.

ఇరవై ఒకటవ శతాబ్దంలో రచ్చబండ చెట్టు నీడను విడిచి చేతిలోని ఫోనులోకి ప్రవేశించింది. సహపాఠుల వాట్సాప్ బృందం, సినిమా అభిమానుల సంఘం, సాహిత్య చర్చావేదిక, పోటీ పరీక్షలకు చదువుకొనేవారి సమూహం ఇవన్నీ నేటి రచ్చబండలే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో సభ్యులందరూ కలిసి చర్చించుకొనే పుటకు పెట్టుకొన్న పేరు కూడా రచ్చబండయే. పాత పేరు కొత్త తావుకు చేరినట్లే పాత శిక్ష కూడా కొత్త రూపంలో చేరింది. ఒక ఉదయం విద్యార్థి ఫోను తెరుస్తాడు. నిన్నటివరకు తాను మాట్లాడిన చోట ఇతరుల మాటలు కనిపిస్తూనే ఉంటాయి. తాను రాయబోతే మాత్రం వీలుపడదు. కొన్నిచోట్ల ఆ సమూహమే కనిపించకుండా పోతుంది. దీనినే నిరోధం అంటున్నారు. వాడుకలో ‘బ్లాక్ చేశారు’ అనే మాట పసిపిల్లలకు కూడా తెలుసు.

ఈ నిరోధం న్యాయమా, అన్యాయమా? ఒక్క మాటలో సమాధానం చెప్పడం కష్టం. నిరోధమే ఉండరాదని వాదించేవారు ఒక విషయాన్ని విస్మరిస్తున్నారు. కంచె లేని చేను పశువుల పాలవుతుంది. యాభైమంది ఉన్న సమూహంలో ఒక్కడు బూతులు రాస్తూ, ఒక విద్యార్థినిని రోజూ అవహేళన చేస్తూ ఉంటే ఏమవుతుంది? మొదట ఆమె మాట్లాడడం మానేస్తుంది. తరువాత ఆమె స్నేహితురాళ్ళు మానేస్తారు. చివరకు అక్కడ అతని గొంతు ఒక్కటే మిగులుతుంది. అతనిని నిరోధించనందువల్ల వాక్స్వాతంత్ర్యం నిలిచిందని ఎవరూ అనలేరు. పదిమంది నోళ్ళు మూతబడి ఒక్క నోరు మిగలడం స్వేచ్ఛ కాదు. వదంతులను వ్యాపింపజేసేవారినీ, ఇతరుల ఛాయాచిత్రాలను అనుమతి లేకుండా పంచేవారినీ, మోసపు ప్రకటనలతో ముంచెత్తేవారినీ ఆపే అధికారం సమూహానికి ఉండవలసిందే.

ఇక్కడ మరొక భేదాన్ని గుర్తించాలి. భారత రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు వాక్స్వాతంత్ర్యాన్ని ప్రసాదించింది. ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వానికి హద్దు గీస్తుంది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్ కింద అంతర్జాలంలో రాసిన రాతలకు పౌరులను అరెస్టు చేస్తూ ఉండగా, సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. మాట్లాడినందుకు జైలులో పెట్టడం వేరు, ఒక సమూహం తన తలుపు మూయడం వేరు. తలుపు మూసిన ప్రతివారూ రాజ్యాంగాన్ని ఉల్లంఘించారని అనడం సరికాదు. అయినప్పటికీ చట్టానికి చిక్కని అన్యాయం అన్యాయం కాకుండా పోదు. తలుపు ఎలా మూశారన్నది తప్పక అడగదగిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి చరిత్ర తోడ్పడుతుంది. క్రీస్తుపూర్వం ఐదవ శతాబ్దంలో గ్రీసు దేశపు ఏథెన్స్ నగరంలో ఒక విచిత్రమైన ఆచారం ఉండేది. నగరానికి ప్రమాదకారి అనిపించిన వ్యక్తి పేరును పౌరులు కుండపెంకుల మీద గీసి వేసేవారు. కనీసం 6000 పెంకులు పోగుపడితే, ఎక్కువ పెంకుల మీద ఎవరి పేరు ఉంటే ఆ వ్యక్తి పదేళ్ళపాటు నగరాన్ని విడిచి పోవాలి. అభియోగం చెప్పే పని లేదు. సమాధానం చెప్పుకొనే వీలు లేదు. క్రీస్తుపూర్వం 482లో అరిస్టైడిస్ అనే నాయకుడు ఇలాగే బహిష్కృతుడయ్యాడు. ఆ సందర్భంలో జరిగినట్లు చెప్పే ఒక కథను చరిత్రకారుడు ప్లూటార్క్ గ్రంథస్థం చేశాడు. చదువు రాని ఒక పౌరుడు తన పక్కనున్నది అరిస్టైడిస్ అని ఎరుగక, తన పెంకు మీద అరిస్టైడిస్ పేరు రాసిపెట్టమని ఆయననే అడిగాడట. అతడు నీకేమి అపకారం చేశాడని అడిగితే, ఏమీ చేయలేదనీ, అందరూ అతనిని న్యాయమూర్తి అంటూ ఉంటే విని విని విసుగెత్తిందనీ బదులు చెప్పాడట. అరిస్టైడిస్ మారుమాట లేకుండా తన పేరు తానే రాసి ఇచ్చాడట.

కథలో కల్పన ఎంత ఉన్నా, అది చెప్పే సత్యం నేటికీ పాతబడలేదు. ఫోను తెర మీద ఒకరిపై ఫిర్యాదు నొక్కే వేళ్ళలో ఎన్ని నిజంగా నొచ్చుకొన్నవి, ఎన్ని విసుగెత్తినవి? సంఖ్యాబలం సత్యానికి సాక్ష్యం కాదు. అయితే ఏథెన్స్ పద్ధతిలో రెండు మంచి గుణాలు ఉన్నాయి. బహిష్కారానికి పదేళ్ళ గడువు ఉంది. బహిష్కృతుని ఆస్తి జోలికి, పౌరసత్వం జోలికి ఎవరూ పోరు. పారశీకులు దండెత్తి వచ్చినప్పుడు క్రీస్తుపూర్వం 480లో గడువు తీరకముందే ఏథెన్స్ అరిస్టైడిస్‌ను వెనుకకు పిలిచింది. మరుసటి యేడు ప్లాటియా యుద్ధంలో ఏథెన్స్ సేనను నడిపినవాడు ఆయనే. తిరిగి వచ్చే దారి మూసివేయనందువల్లనే ఆ నగరానికి ఆపదలో ఒక నాయకుడు దక్కాడు.

తెలుగునాట వెలికి అటువంటి గడువు ఉండేది కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికి తోడ్పడినవారినీ, ఆ ఇంట విస్తరి వేసినవారినీ వెలివేస్తామని ఛాందసులు బెదిరించారు. వంటవారు రాలేదు, నీళ్ళు మోసేవారు రాలేదు. ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి తానే వండి వడ్డించింది. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. వీరేశలింగం శిష్యులైన విద్యార్థులు అండగా నిలిచారు. ఊరు నోరు నొక్కాలని చూసినా ఆయన మాట ఆగలేదు. 1874లోనే స్థాపించిన వివేకవర్ధిని పత్రిక ఆయన చేతిలో ఉంది. ఊరి రచ్చబండ మీద చోటు లేకపోయినా అచ్చుకాగితం మీద చోటు ఉంది. ఆయన తిట్టుకు తిట్టుతో పోక, శాస్త్రప్రమాణాలతోను, హేతువుతోను వాదించారు. ఆ పట్టుదల వల్లనే నాటి వెలి నేడు ఆయనకు కీర్తిగా మారింది.

ఐతే ఒక హెచ్చరిక అవసరం. నిరోధానికి గురైన ప్రతివాడూ వీరేశలింగం కాడు. నోరుజారి నలుగురిని నొప్పించి, బయటికి పంపినందుకు తాను సత్యం కోసం బలి అయ్యానని చెప్పుకొనేవారు నేడు కొల్లలు. వితంతువు కన్నీరు తుడిచినందుకు వెలిబడడం వేరు. తోటి విద్యార్థినిని ఏడిపించినందుకు వెళ్ళగొట్టబడడం వేరు. ఆ తేడాను తేల్చడానికి ఆవేశం పనికిరాదు, విచారణ కావాలి. ఏ కారణం చేత ఆపారు? ఎంతకాలం ఆపారు? మళ్ళీ వినేవారు ఉన్నారా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం ఉన్న నిరోధం క్రమశిక్షణ అవుతుంది. ఒక్కదానికీ సమాధానం లేని నిరోధం పాత వెలియే అవుతుంది.

ఈ మూడింటినీ ఆచరణలో పెట్టడానికి ప్రయత్నించిన సంస్థ వికీపీడియా. అక్కడ ఎవరైనా రాయవచ్చు, ఎవరి రాతనైనా దిద్దవచ్చు. కనుక తగవులు తప్పవు. ఆంగ్ల వికీపీడియాలో ఒక వ్యక్తి 24 గంటల వ్యవధిలో ఒకే పుట మీద మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను రద్దుచేస్తే, అతని వాదం సరైనదైనా నిరోధానికి గురికావచ్చు. నియమం వాదంలోని సత్యాసత్యాలను చూడదు, ప్రవర్తనను చూస్తుంది. నిరోధం ఉద్దేశం శిక్షించడం కాదు, నష్టాన్ని ఆపడం అని అక్కడి విధానం స్పష్టంగా పేర్కొంటుంది. నిరోధించినవారు కారణం నమోదు చేస్తారు, కాలపరిమితి చెబుతారు. నిరోధించబడిన వాడుకరికి సాధారణంగా తన చర్చాపుట మాత్రం తెరిచే ఉంటుంది. అక్కడ అతడు విన్నపం రాసుకోవచ్చు. ఆ విన్నపాన్ని నిరోధించిన నిర్వాహకుడు కాక మరొక నిర్వాహకుడు పరిశీలిస్తాడు. గడువు చెప్పకుండా నిరోధించబడినవారికి సైతం ఒక ఆనవాయితీ ఉంది. ఆరు నెలలు మారుపేరుతో దొంగచాటుగా రాకుండా ఉండి, తిరిగి పాత తప్పు చేయనని మాట ఇస్తే సభ్యులు మళ్ళీ ఆలోచిస్తారు. తీర్పు చెప్పినవాడే అప్పీలు వినకూడదన్న న్యాయసూత్రం, ఎదుటివాని మాట వినకుండా దండించరాదన్న ధర్మం ఈ పద్ధతిలో కనిపిస్తాయి.

గడువు లేని శిక్ష ఎంత సమస్యాత్మకమో ఒక ప్రసిద్ధ ఉదంతం చాటింది. 2021 జనవరి 6న అమెరికా చట్టసభ భవనం మీద మూక దాడి చేసింది. మరునాడు ఫేస్‌బుక్ సంస్థ నాటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఖాతాను గడువు చెప్పకుండా స్తంభింపజేసింది. ఆ వ్యవహారం సంస్థ ఏర్పాటు చేసిన పర్యవేక్షక మండలి ముందుకు వెళ్ళింది. 2021 మే 5న మండలి చెప్పిన తీర్పు రెండు వైపులా పదునైనది. హింసాత్మక పరిస్థితిలో ఖాతాను ఆపడం సమంజసమే. కాని తమ నియమాలలో లేని, ముగింపు తెలియని శిక్షను విధించడం సమంజసం కాదు. దరిమిలా సంస్థ ఆ శిక్షకు రెండేళ్ళ గడువు ప్రకటించింది. ఆ గడువు తీరిన పిదప 2023లో ఖాతాను పునరుద్ధరించింది. ఆ నాయకుని రాజకీయాలు నచ్చినవారికీ, నచ్చనివారికీ ఈ తీర్పులోని సూత్రం ఒకటే. తప్పుకు తగిన శిక్ష, శిక్షకు తగిన గడువు ఉండాలి.

భారతదేశంలో కూడా ఈ దిశగా కొన్ని అడుగులు పడ్డాయి. 2021లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన సమాచార సాంకేతిక నియమాలు ఇటువంటి వేదికలు ఫిర్యాదుల అధికారిని నియమించాలని నిర్దేశించాయి. 50 లక్షలకు పైగా వాడుకరులున్న పెద్ద సామాజిక మాధ్యమాలు తమ నిబంధనలకు విరుద్ధమని తోచిన రాతను తమంత తాము తొలగించదలచినప్పుడు రాసినవారికి కారణం తెలపాలనీ, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలనీ అవి చెప్పాయి. 2022లో ఆ నియమాలను సవరించి, 2023 జనవరిలో మూడు అప్పీలు కమిటీలను నెలకొల్పారు. ఫిర్యాదుల అధికారి నిర్ణయంతో తృప్తి పడనివారు 30 రోజులలోగా ఆ కమిటీలను ఆశ్రయించే వీలు కలిగింది. ఈ ఏర్పాటులో ప్రభుత్వం జోక్యం హెచ్చుతుందేమోనన్న భయాన్ని కొందరు వ్యక్తపరిచారు. ఆ చర్చ ఎలా ఉన్నా, కారణం తెలుసుకొనే హక్కు వాడుకరికి ఉన్నదన్న భావన నియమాలలోకి ఎక్కడం ఆహ్వానించదగినది.

కొన్ని వేదికలలో ఇంకొక విధమైన నిరోధం ఉంది. రాసినవానికి తన రాత కనిపిస్తూనే ఉంటుంది; ఇతరులకు మాత్రం కనిపించదు. తాను మాట్లాడుతున్నానని అతడు అనుకొంటాడు, వినేవారు ఉండరు. తెలిసి మూసిన తలుపు కంటే ఇది క్రూరమైనది. తలుపు మూశారని తెలిస్తే తట్టవచ్చు, తప్పు దిద్దుకోవచ్చు. గోడను తలుపు అనుకొని మాట్లాడుతున్నవానికి ఆ అవకాశం కూడా లేదు. దొంగ ప్రకటనలు గుప్పించే యంత్రాల మీద ఈ ఉపాయం పనికిరావచ్చును గాని, మనుషుల మీద ప్రయోగించడం మర్యాద కాదు.

నిరోధించేవారి ధర్మం ఇలా ఉండగా, నిరోధానికి గురైనవారి ధర్మం ఏమిటి? తలుపు మూసిన మొదటి గంటలో కోపం రావడం సహజం. ఆ గంటలో ఏమీ రాయకపోవడమే వివేకం. కోపం చల్లారిన పిమ్మట తన పాత మాటలను తానే ఒక అపరిచితుడు రాసినట్లుగా చదువుకోవాలి. చమత్కారమని రాసినది అవమానంగా తోచవచ్చు. వాదమని రాసినది పదే పదే చెప్పిన ఒకే మాటగా కనిపించవచ్చు. ముఖం కనిపించని చోట, స్వరం వినిపించని చోట పరిహాసం తిట్టుగా మారడానికి ఎంతోసేపు పట్టదు. ఆ తరువాత ఆ సమూహం నియమాలను శ్రద్ధగా చదవాలి. ఏ నియమం తప్పాడో తెలియకుండా న్యాయం అడగడం ప్రశ్న చదవకుండా జవాబు రాయడం వంటిది.

విన్నపం రాసేటప్పుడు దాని నిడివి కంటే నిజాయితీ ముఖ్యం. తాను చేసినది ఏమిటి, అందులో పొరపాటు ఏది, ఇకముందు ఎలా నడుచుకొంటాడు అన్న మూడు విషయాలు చాలు. ఇతరులు అంతకంటే పెద్ద తప్పులు చేశారని ఎత్తిచూపడం విన్నపాన్ని బలహీనపరుస్తుంది. పొరపాటు తనది కాదని నిశ్చయంగా తెలిసినప్పుడు సందేశాల ప్రతులు భద్రపరచి, అప్పీలు చేసే మార్గాలన్నింటినీ వరుసగా వినియోగించుకోవాలి. మారుపేరుతో మరొక ఖాతా తెరిచి దొడ్డిదారిన ప్రవేశించడం మాత్రం తగదు. అది బయటపడిన నాడు అసలు వాదం ఎంత న్యాయమైనదైనా వినేవారు ఉండరు. స్నేహితులను పోగుచేసి నిర్వాహకుని మీద దాడికి పురికొల్పడం అంతకంటే హీనం. తాను గురి అయినానని బాధపడుతున్న మూక న్యాయాన్నే మరొకరి మీద ప్రయోగించినట్లు అవుతుంది.

ఇన్ని చేసినా తలుపు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు నిరాశ చెందనక్కరలేదు. ఒక సమూహం ప్రపంచం కాదు. పత్రికలు ఉన్నాయి, గ్రంథాలయ సభలు ఉన్నాయి, ఇతర వేదికలు ఉన్నాయి, ఎదురుగా కూర్చుని మాట్లాడే స్నేహితులు ఉన్నారు. చెప్పదగిన మాట ఉన్నవానికి చెప్పే చోటు దొరకకపోదు. రాజమహేంద్రవరం వీధులలో మూతబడిన తలుపులు వివేకవర్ధిని పుటలను మూయలేకపోయాయి.

చివరగా, జూనియర్ కళాశాల విద్యార్థులను అతి దగ్గరగా తాకే విషయం ఒకటి ఉంది. పెద్ద సంస్థలకు నియమాలు ఉన్నాయి, కమిటీలు ఉన్నాయి. తరగతి వాట్సాప్ బృందానికి అవేవీ లేవు. అక్కడ నిర్వాహకుడు పదహారేళ్ళ సహపాఠియే. నిన్న ఆటస్థలంలో జరిగిన తగవుకు ఈ రాత్రి బృందం నుంచి తొలగించే అధికారం అతని బొటనవేలిలో ఉంటుంది. అదే బృందంలో పరీక్ష రుసుము గడువు, ప్రయోగ పరీక్షల తేదీ, అధ్యాపకులు పంపిన పాఠాల ప్రతులు వస్తుంటాయి. తొలగించబడిన విద్యార్థికి తప్పిపోయేది కేవలం కబుర్లు కాదు, చదువుకు కావలసిన సమాచారం. నాడు వెలిబడిన ఇంటికి నీరు అందకపోవడానికీ, నేడు ఒక విద్యార్థికి పరీక్ష తేదీ అందకపోవడానికీ భేదం అంత ఎక్కువేమీ కాదు.

కాబట్టి ఆ అధికారం చేతిలో ఉన్న విద్యార్థి కొన్ని మర్యాదలు పాటించాలి. ముందు ఏకాంతంగా హెచ్చరించాలి. నలుగురిలో పరువు తీయరాదు. ఏ సందేశం తప్పో చూపాలి. తొలగించక తప్పనప్పుడు వారమో, పది రోజులో గడువు చెప్పాలి. చదువుకు సంబంధించిన సమాచారం మాత్రం వేరే మార్గాన అతనికి చేరేటట్లు చూడాలి. తనకే ఆ విద్యార్థితో వైరం ఉంటే నిర్ణయాన్ని మరొకరికి అప్పగించాలి. ఆ బృందంలో మౌనంగా ఉన్న మిగిలినవారికి సైతం ఒక బాధ్యత ఉంది. ‘అతనిని ఎందుకు తొలగించారు?’ అని మర్యాదగా అడిగే ఒక్క గొంతు ఉంటే చాలు, అన్యాయం సగం ఆగుతుంది.

నోరు అదుపులో పెట్టుకోవడం మాట్లాడేవాని సంస్కారం. మాట్లాడేవానిని బయటికి పంపేముందు అతని మాట వినడం సమూహం సంస్కారం. కంచె లేని చేను నిలవదు. వాకిలి లేని కంచె చేనుకు ఉపయోగపడదు, ఎందుకంటే యజమాని కూడా లోపలికి పోలేడు. కారణం, గడువు, మళ్ళీ వినడం అన్న మూడు కీళ్ళ మీద నిలిచిన వాకిలినే నేటి రచ్చబండకు అమర్చుకోవాలి. ఆ పని ప్రభుత్వాలూ సంస్థలూ చేసేవరకు వేచి ఉండనక్కరలేదు. నలభైమంది ఉన్న ఒక తరగతి బృందంలో ఈ రోజే మొదలుపెట్టవచ్చు.